పదకొండో తరగతి తినేసిన బాక్టీరియా

కల్యాణికి హిందీ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. పెళ్ళయి రాయ్‌పూర్ వచ్చిన మొదటి ఏడాదిలోనే ఆవిడ తెలీబంధాలో కూరగాయల బండ్ల వాళ్ళని హడలగొట్టింది. వంకాయల దగ్గర ఆవిడ బేరం మొదలుపెడితే, ఇరుగుపొరుగు వాళ్ళు సంచులు కింద పెట్టి, ధర తేలేదాకా ఆగి, అదే ధరకి తామూ కొనుక్కుని వెళ్ళేవారు. అలాంటి మనిషిని బ్లాక్‌బోర్డు ముందు నిలబెట్టి, వెనక బెంచీలో ముగ్గురు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, "షురూ కీజియే మేడమ్" అంటే చాలు, నోట్లో నాలుక ఉందో లేదో తడుముకోవలసి వచ్చేది.

రెండు స్కూళ్ళలో అదే జరిగింది. పాఠం రాక కాదు. విజయనగరంలో మైక్రోబయాలజీతో బీయస్సీ చదివింది. కూతురు పూర్ణిమ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఇక్కడే బీయెడ్ కూడా చేసింది. డెమో క్లాసు అనగానే పాఠమంతా హిందీలో రాసుకుని, బట్టీ పట్టి, వెళ్ళి నిలబడేది. "బాక్టీరియా ఏకకణ జీవులు" దాకా బండి బాగానే నడిచేది. తరవాత ఎక్కడో ఒక మాట జారిపోయేది, దాని వెనకే మిగతావన్నీ గొర్రెల మందలా పోయేవి. "ఫోన్ చేస్తాం" అనేవారు. చెయ్యరని ఆవిడకి గుమ్మం దాటకముందే తెలిసిపోయేది.

మూడో పిలుపు మోవాలో ఒక స్కూలు నుంచి వచ్చింది. దసరా సెలవులయ్యాక బడి తెరిచే రోజున పదకొండో తరగతికి పాఠం చెప్పాలి. విషయం, బాక్టీరియా కణ నిర్మాణం, వర్గీకరణ. 

"ఇదే ఆఖరండీ," అంది కల్యాణి, సిల్తారాలో స్టీలు ప్లాంటు డ్యూటీకి బయల్దేరుతున్న భర్త మహేంద్రతో. "ఈసారి కూడా నోరు పెగల్లేదనుకోండి, ఇంక ఉద్యోగం మాట ఎత్తను. పూర్ణిమకి ట్యూషన్ చెప్పుకుని కూర్చుంటాను."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. బ్లాక్‌బోర్డు ముందు నిలబడడం తప్ప ఆవిడ తన కోసం ఇంకేదీ కోరుకోలేదని మహేంద్రకి తెలుసు. బూట్లు వేసుకుంటున్నవాడల్లా ఆగాడు.

"నోరు పెగలకపోతే మానీ. వస్తువు సూపించు," అన్నాడు. "మా ప్లాంటులో కొత్త కుర్రోళ్ళకి ఫర్నేసు ఎలగుంటాదో నోటితో సెప్తే ఎక్కదు. మోడల్ సూపిస్తే టక్కున ఎక్కుతాది. నువ్వూ ఒక మోడల్ తయారుచెయ్యి. అది మాటాడుతాది, నువ్వు పక్కన నిలబడితే సాలు."

సలహా బాగానే ఉంది. మోడల్ దేనితో చెయ్యాలి? అట్టముక్కలు, థర్మోకోల్ అందరూ తెచ్చేవే. కల్యాణి వంటింట్లోకి తొంగిచూసింది. పండగ రోజులు కదా, పొయ్యి మీద నూనె మూకుడు ఉండనే ఉంది. పక్కన మినప సున్ని, బెల్లం, నెయ్యి. ఆవిడ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

వంటిల్లు ఆవిడది కాదన్న సంగతి ఇక్కడ చెప్పాలి. అది అత్తగారు తాయారమ్మ రాజ్యం. పార్వతీపురం నుంచి రైల్వే ఉద్యోగి అయిన భర్త వెంట రాయ్‌పూర్ వచ్చి, ఆయన పోయినా, ఊరు మారినా, మూకుడు మీద పెత్తనం మాత్రం వదలని మనిషి. కోడలు గోళీకాయలంత సున్నుండలు చుడుతుంటే పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఏటే ఇవి? ఇంత సిన్నవేటి? సీమలకి పెడతావేటి?"

"బాక్టీరియా అత్తయ్యా."

"ఛీ ఛీ! పండగపూట వొంటింట్లో ఆ మాటేటే!"

"అంత చీదరించుకోకండి. రోజూ మీరు తోడేసే పెరుగు వాటి చలవే."

"నా పెరుగు నా సేతి గుణం," అంది తాయారమ్మ. ఆ విషయంలో ఇంక చర్చ లేదని దానర్థం.

అయినా లేచి వెళ్ళలేదు. కోడలు చెబుతుంటే వింది. గుండ్రంగా ఉంటే కాకస్. రెండు అతుక్కుని ఉంటే జంట, వరసగా అతుక్కుంటే గొలుసు, ద్రాక్షగుత్తిలా ఉంటే గుంపు. బెల్లం కొమ్ములు చూపించి, "ఇవి కర్రల్లా పొడుగ్గా ఉండేవి, బాసిల్లస్" అంది. మెలిపెట్టి వేయించిన పిండిపుల్లలు స్పైరిల్లమ్. పలాస నుంచి తెప్పించుకున్న జీడిపప్పుని పాకంలో ముంచి, ఆ వంపు చూపిస్తూ, "ఇది విబ్రియో. కలరా తెచ్చేది ఇలాగే ఉంటుంది" అంది.

తాయారమ్మ నోటిదాకా వెళ్ళిన జీడిపప్పు అక్కడే ఆగిపోయింది.

"కలరాయా? ముందు సెప్పొద్దేటే!"

"ఆకారం మాత్రమే అత్తయ్యా. తినండి."

అన్నిటికన్నా గొప్పది కజ్జికాయ. అరచేయంత కజ్జికాయని ఒక పక్క తెరిచి ఉంచి కల్యాణి అందులో ఒక కణాన్నే కట్టింది. పైన మెరిసే పాకం పూత కణానికి రక్షణగా ఉండే జిగురు పొర. పిండి డొప్ప కణకవచం. దాని లోపల అంటించిన పల్చని నెయ్యి పూత కణపొర. కొబ్బరి కోరు జీవద్రవ్యం, అందులో గసగసాలు మాంసకృత్తులు తయారుచేసే రైబోజోములు. మధ్యలో ఏ తెరా లేకుండా చుట్టలు చుట్టుకుని పడున్న సేమ్యా జన్యుపదార్థం. బాక్టీరియా కణంలో దానికి విడిగా గది ఉండదు మరి. ఓ మూల బుల్లి చేగోడీ ప్లాస్మిడ్, అంటే విడిగా ఉండే చిన్న జన్యువలయం. తోకలా ఒక పొడుగాటి సేమ్యా కశాభం. అన్నిటికీ పళ్ళు కుట్టుకునే పుల్లలకి కాగితం జెండాలు అంటించి, పేర్లు హిందీలో రాసి గుచ్చింది. ఇంక మాటలతో పనిలేదు. జెండాలే పాఠం చెబుతాయి.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారు. ఇక్కడ తలచింది మాత్రం తాయారమ్మే.

మర్నాడు పొద్దున్న కల్యాణి చీర కట్టుకుంటుండగా ఆవిడ డబ్బా మూత తీసి చూసింది. ఇంట్లో చేసిన పిండివంట దేవుడికి చూపించకుండా గడప దాటడం ఆవిడ హయాంలో జరగలేదు, ఇప్పుడూ జరగనివ్వదు. ఆ పుల్లలేమిటి, దేవుడి ముందు? జెండాలన్నీ పీకి అవతల పారేసింది. నైవేద్యం పెట్టింది. మూతకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. శుభానికి వెళ్తున్న డబ్బా ఒంటిగా వెళ్ళకూడదని లోపల పైన రెండు తమలపాకులు, ఒక అరటిపండు పెట్టి, కోడలికి ఈ ఉద్యోగం రావాలని మనసారా దండం పెట్టుకుని మూత బిగించింది. బయట మహేంద్ర స్కూటర్ హారన్ కొడుతున్నాడు. కల్యాణి సంచీలో పెట్టి ఉంచిన డబ్బా అందుకుని పరిగెత్తింది.

సెలవుల తరవాత తెరిచిన బడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. స్టాఫ్ రూమ్ బల్ల మీద ఎవరింటి పండగ పిండివంటలు, ఠేఠరీ, ఖుర్మీ, వాళ్ళు తెచ్చి పెట్టారు. ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెడుతున్నారు. కల్యాణి సంచీ ఆ బల్ల చివర పెట్టి, సర్టిఫికెట్లు చూపించడానికి ఆఫీసు గదిలోకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా బీయెడ్ కాగితాన్ని కిటికీ వెలుతుర్లో తిప్పి తిప్పి చూశాడు.

ఈలోగా స్టాఫ్ రూమ్‌లో చప్రాసీ, అదీ అందరికోసం తెచ్చిందేననుకుని, కల్యాణి సంచీలోంచి డబ్బా పైకి తీసి మూత తెరిచాడు. పసుపు, కుంకుమ, లోపల తమలపాకులు, అరటిపండు. చూసీ చూడగానే చేతులు జోడించాడు. ప్రసాదం! ప్రసాదాన్ని బల్ల మీద వదిలేస్తారా ఎవరైనా? తిన్నగా ప్రిన్సిపాల్ ఊర్మిళా సాహూ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆవిడ కళ్ళకద్దుకుని, మర్యాదగా పెద్ద కజ్జికాయ తీసుకుంది. డెమో చూడడానికి వచ్చిన ఇద్దరు టీచర్లూ చెరో గుప్పెడు తీసుకున్నారు. "కొత్త మేడమ్ పిల్లల కోసమే తెచ్చి ఉంటారు, పదకొండో తరగతిలో పంచెయ్," అంది ప్రిన్సిపాల్. చప్రాసీ న్యాయంగా పంచేశాడు.

క్లాసు గుమ్మంలో అతను డబ్బా తిరిగి కల్యాణి చేతికిచ్చాడు. డబ్బా తేలిగ్గా ఉంది. బల్ల మీద పెట్టి మూత తీసింది. తమలపాకులున్నాయి. వాటి మీద బెల్లం పొడి ఉంది. బాక్టీరియా లేదు.

తలెత్తి చూసింది. క్లాసంతా నోళ్ళు కదులుతున్నాయి. వెనక బెంచీలో ముగ్గురు పెద్దల నోళ్ళూ కదులుతున్నాయి.

ఆవిడకి ఏడుపొచ్చింది. అత్తగారి మీద కోపమొచ్చింది. అయిపోయింది, ఇంటికెళ్ళిపోదాం అనిపించింది. సుద్దముక్క తీసుకుని, ఏం రాయాలో తెలియక మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. రెండుసార్లూ ఇలాగే మొదలైంది కదా అనుకుంది.

అప్పుడు వెనక నుంచి ప్రిన్సిపాల్ రుమాల్లో పట్టుకున్న సగం కజ్జికాయని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "మేడమ్, మిఠాయి చాలా బాగుంది. కానీ ఒక సందేహం," అంది హిందీలో. "మా గుజియాలో సేమ్యా పెట్టం. మీరెందుకు పెట్టారు?"

"అది సేమ్యా కాదు మేడమ్," అనేసింది కల్యాణి. "న్యూక్లియాయిడ్. బాక్టీరియా జన్యుపదార్థం."

ప్రిన్సిపాల్ నమలడం ఆపింది.

"అంటే నేను..."

"సగం బాక్టీరియాని తినేశారు మేడమ్. మిగిలిన సగంలో రైబోజోములున్నాయి. గసగసాల్లా కనిపిస్తాయి చూడండి."

క్లాసంతా గొల్లుమంది. ప్రిన్సిపాల్ నవ్వాపుకోవడానికి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంటే ఆ రుమాలుకున్న కొబ్బరి కోరు మూతికంటింది. కల్యాణికీ నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ఎక్కణ్ణుంచో గొంతు కూడా వచ్చింది. బట్టీ పట్టిన గొంతు కాదు, వంకాయల బండి దగ్గరి గొంతు.

"నవ్వింది చాలు! నా పాఠం మొత్తం మీ కడుపుల్లో ఉంది. ఇప్పుడు మీరే బయటికి తియ్యాలి. ఎవరేం తిన్నారో చెప్పండి. గుండ్రటివి తిన్నవాళ్ళు కిటికీ వైపు! పొడుగువి తిన్నవాళ్ళు గోడ వైపు! మెలికలవి తిన్నవాళ్ళు ఇటు నా దగ్గరికి! ఏయ్, నువ్వు, ఏం తిన్నావు?"

"గుండ్రంది మేడమ్."

"ఒకటా? అతుక్కుని ఉన్నాయా?"

"నాలుగైదు, వరసగా."

"అయితే స్ట్రెప్టోకాకస్ తిన్నావు. గొలుసుగా నిలబడండి, చేతులు పట్టుకుని. గుత్తి తిన్నదెవరు? నువ్వా? అంతా నువ్వొక్కదానివే? మహాతల్లీ, నువ్వు స్టాఫిలోకాకస్, నీ చుట్టూ నీ స్నేహితుల్ని కుప్పగా నిలబెట్టుకో."

జీడిపప్పు తిన్న పిల్ల భయం భయంగా చెయ్యెత్తింది. అది కలరా రకం ఆకారమని విని, "నాకు కలరా వస్తుందా మేడమ్?" అంది. 

"ఆకారం వల్ల జబ్బు రాదమ్మా. కర్రలాంటి వాటిలో టైఫాయిడ్ తెచ్చేదీ ఉంది, పెరుగు తోడుపెట్టేదీ ఉంది. మనుషుల్లో పొడుగు పొట్టిని చూసి మంచివాళ్ళో కాదో చెప్పగలమా? ఇదీ అంతే. ఆకారం చూస్తే గుంపు తెలుస్తుంది, గుణం తెలీదు."

ఒక మాట కోసం తడుముకుందా అంటే తడుముకుంది. 'కణకవచం' అన్న మాటకి హిందీ గుర్తురాలేదు. ఇంతకుముందైతే అక్కడే మునిగిపోయేది. ఇప్పుడు గోడని చేత్తో కొట్టి, "ఇది! ఇల్లు పడిపోకుండా పట్టుకునేది! మీరేమంటారు దీన్ని?" అని అడిగింది. "కోశికా భిత్తి!" అని నలభై గొంతులు అరిచాయి. ఇంతేనా, అనుకుంది ఆవిడ. పిల్లల్ని అడిగితే సరిపోయేదా, ఇన్నాళ్ళూ?

తరవాత బెంచీలు గోడకి జరిపించింది. తినేసిన కజ్జికాయని పిల్లలతోనే మళ్ళీ కట్టింది. కొందరు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు, కణకవచం. వాళ్ళ లోపల ఇంకో వలయం, పొర. మధ్యలో ఒకమ్మాయి చున్నీని ఉండలా చుట్టుకుని కూర్చుంది, చుట్టూ ఏ గోడా లేని న్యూక్లియాయిడ్. ఇద్దరు ముగ్గురు కింద గొంతుక్కూర్చుని రైబోజోములయ్యారు. చేతి గాజు తీసి పట్టుకున్న పిల్ల ప్లాస్మిడ్.

"ఆ గాజులో మందుకి లొంగని గుణం ఉందనుకో. పక్క బాక్టీరియాకి ఇచ్చెయ్. చూశారా, ఇప్పుడు మందు దానికీ పనిచెయ్యదు. డాక్టరు చెప్పినన్ని రోజులు మాత్రలు వేసుకోమనేది అందుకే. సగంలో ఆపి బలమైనవాటిని బతకనిస్తే, అవి ఇలా పంచిపెడతాయి."

చివర నిలబడ్డ కుర్రాడు మెడలో టై తీసి గిరగిరా తిప్పుతూ కశాభమయ్యాడు. "తోకలా ఊపకు, పంకాలా తిప్పు!" అంది కల్యాణి. ఆ బాక్టీరియా కేకలు పెడుతూ తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా వెళ్ళి, ప్రిన్సిపాల్ బెంచీకి గుద్దుకుని ఆగింది. పక్క క్లాసు మాస్టారు వచ్చి తలుపులోంచి చూసి, ప్రిన్సిపాల్ ఉండడం గమనించి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

బాక్టీరియాని రెండు రకాలుగా విడదీసే గ్రామ్ రంగు పరీక్షకి కల్యాణి హోలీని ఉదాహరణగా తెచ్చింది. 

"మందపాటి నూలు చొక్కా, పల్చటి నైలాన్ చొక్కా. రెండిటి మీదా ఊదారంగు పోశారు. ఉతికారు. ఏది వదలదు?"

"నూలుది!" 

"మందపు గోడ ఉన్న బాక్టీరియా అంతే. ఊదారంగు పట్టుకుని వదలదు. గ్రామ్ పాజిటివ్. పల్చగోడది ఉతకగానే వదిలేస్తుంది. తరవాత గులాబీరంగు పోస్తే దాన్ని పట్టుకుంటుంది. గ్రామ్ నెగటివ్. ఆ పల్చగోడ పైన ఇంకో పొర కూడా ఉంటుంది. అందుకే కొన్ని మందులు దాన్ని దాటి లోపలికి వెళ్ళలేవు."

వెనక బెంచీలో ఉన్న టీచరొకావిడ కూడా తలూపుతూ కాగితం మీద రాసుకుంటోంది. కల్యాణి అటు చూడలేదు. ఆవిడ పరీక్షకి వచ్చిన సంగతే మరిచిపోయింది. చెమటతో జాకెట్టు తడిసింది, చీర కుచ్చిళ్ళకి సుద్దపొడి అంటింది, ఆవిడకి ఒళ్ళంతా పండగ్గా ఉంది.

బెల్లు కొట్టాక గాని ఏమీ గుర్తు రాలేదు. పిల్లలు బెంచీలు లాక్కుంటూ సర్దుకున్నారు. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"మేడమ్, రేపు కూడా మీరే వస్తారా?"

పీరియడంతా పొంగిన హిందీ కల్యాణి నోట్లో ఒక్కసారిగా ఆరిపోయింది. వస్తానని చెప్పే హక్కు తనకి లేదు. రానని చెప్పడానికి మనసు లేదు. డస్టర్ తీసుకుని, బోర్డు మీద తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఈ పిల్లలు వేరొకరి పిల్లలైపోతారేమోనని ఆవిడకి నిజంగా బాధేసింది.

ఊర్మిళా సాహూ బెంచీలోంచి లేచింది. రుమాలు మడిచి, గొంతు సవరించుకుని, ప్రిన్సిపాల్ మొహం పెట్టుకుంది. 

"రేపు ఇదే పీరియడ్ మీది మేడమ్. కాగితాల సంగతి ఆఫీసులో చూసుకుందాం," అంది. "ఒక్కటే షరతు. రేపటి పాఠం ఫంగస్. దయచేసి తినేవేమీ తీసుకురావద్దు. బూజు తినే ఓపిక నాకు లేదు."

క్లాసు పగలబడి నవ్వింది. కల్యాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. చేతులు జోడించబోతే డస్టర్ చేతిలోనే ఉండిపోయింది. "థాంక్యూ" అనబోతే తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటికి రాలేదు.

అంతలో ఇందాక కశాభమైన కుర్రాడు నిలబడ్డాడు. వాడి మొహంలో పెద్ద అన్యాయం జరిగిపోతున్నట్టుంది.

"కానీ మేడమ్, ఫుటూ? వానల్లో మా అమ్మ వండుతుంది. పుట్టగొడుగు కూడా ఫంగసే కదా? అది తింటాం కదా?"

ప్రిన్సిపాల్ కల్యాణి వైపు తిరిగింది. క్లాసంతా కల్యాణి వైపే తిరిగింది. సమాధానం చెప్పవలసింది ఎవరో అక్కడ ఎవరికీ అనుమానం లేదు.

కల్యాణి కళ్ళు తుడుచుకుంది.

"అవును. ఫుటూ ఫంగసే," అంది. "కూర్చో. రేపు అక్కణ్ణుంచే మొదలుపెడదాం."